బాన్ అక్యూయ్ పెళ్ళిళ్ళ పుస్తకం

ఎందుకు వెళ్ళానంటే

మారిషస్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి భీమిలి చుట్టుపక్కల నాకు కొత్త గౌరవం వచ్చింది. చెరుకుతోటల గురించి అడుగుతారు, దొరల గురించి అడుగుతారు, అక్కడి మన ఆడవాళ్ళు కాళ్ళకు జోళ్ళు తొడుగుతారట నిజమేనా అని అడుగుతారు. భయం వేయలేదా అని మాత్రం ఎవరూ అడగరు. వేసింది. నేను బడిపంతుల్ని, పుట్టు పిరికివాణ్ణి. బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే ముందురోజే నాకు ఒళ్ళు వెచ్చబడుతుంది. అలాంటివాణ్ణి సముద్రం దాటించింది ధైర్యం కాదు, అంతకంటే పెద్ద భయం.

నా కూతురు రమణమ్మను అప్పన్న అనే కుర్రాడికి ఇచ్చాను. అతను మారిషస్‌లో పుట్టి పెరిగినవాడు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే నాయనమ్మ పెంచింది. ఆమె కూడా పోయాక ఓడెక్కి మా ఊరు వచ్చి, భీమిలి రేవులో పనికి కుదురుకున్నాడు. కులం మాదే, యాస మాదే, తాగుడు లేదు. పెళ్ళిలో పురోహితుడు ఇంటిపేరు అడిగితే మాత్రం బిక్కమొహం వేశాడు. ఆ దీవిలో మనవాళ్ళకు ఇంటిపేర్లు జారిపోయాయట, తండ్రి పేరు చెబితే చాలట. తండ్రి పేరు సూరన్న అన్నాడు. నా పేరూ సూరన్నే, మా తాత పేరు నాకు పెట్టారు. వియ్యంకుడు బతికి ఉంటే ఇద్దరు సూరన్నల్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టేవాళ్ళమని ఆడవాళ్ళు వేళాకోళం చేశారు. నేనూ నవ్వాను.

పెళ్ళయ్యాక అల్లుడు మా ఇంట్లోనే ఉండిపోయాడు. ఏడాది తిరిగేసరికి రమణమ్మకు ఐదో నెల. అల్లుడి పెట్టెకు చెద పట్టినట్టుంది చూడమని అమ్మాయి అంటే, అతను రేవుకు వెళ్ళిన వేళ బట్టలు తీసి దులుపుతున్నాను. అడుగున పాత కాగితం ఒకటి కనిపించింది. మూలన వెలిసిపోయిన ఆడమనిషి ఫోటో, పక్కన ఇంగ్లీషు రాత. మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే. పోలమ్మ, జగ్గయ్య భార్య, అని ఉంది. కింద మా ఊరి పేరు.

పోలమ్మ అంటే అప్పన్న నాయనమ్మ. జగ్గయ్య మా నాన్న.

మా నాన్న పడుచువయసులో మారిషస్ వెళ్ళి, పదేళ్ళు పనిచేసి, తిరిగొచ్చాకే మా అమ్మను చేసుకున్నాడు. ఆ పదేళ్ళ గురించి ఒక్కనాడూ నోరు విప్పలేదు. అడిగితే తువ్వాలు భుజాన వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయేవాడు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది.

పెట్టె ముందు కూర్చుని వరసలు లెక్కవేశాను. పోలమ్మ మా నాన్నకు భార్య అయితే ఆమె కొడుకు నాకు అన్న. అన్న కొడుకు నాకు కొడుకు వరస. అంటే నా కూతుర్ని దాని అన్నకే ఇచ్చి కాళ్ళు కడిగాను. ఇంకో నాలుగు నెలల్లో బిడ్డ. కులపెద్దలకు తెలిస్తే మనువు విడగొడతారు, ఆ బిడ్డను ఎవరూ ఎత్తుకోరు.

కాగితం ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నాన్న తిరిగిన చోటు చూడాలని మనసు పీకుతోందని చెప్పి, బడికి సెలవు పెట్టి, జత ఎడ్లను అమ్మి బయలుదేరాను. నాకు మతి తప్పిందని మా ఆవిడ నాలుగు వీధులకూ చెప్పింది.

ఓడ మీద

కొలంబో దాటాక నేల కనబడదు. పక్క మంచం మీద పోర్ట్ లూయీలో బట్టల కొట్టు ఉన్న గుజరాతీ వర్తకుడు ఒకాయన ఉండేవాడు. మంచివాడే, కానీ మాటలన్నీ చావుల గురించే. ఆ దీవిలో జ్వరం దోమ మీద ఎక్కి వస్తుందనీ, తుఫాను వస్తే ఇళ్ళ కప్పులు ఊరవతల పడతాయనీ చెప్పేవాడు. చెప్పినంతసేపూ నిమ్మకాయ ఊరగాయ నంజుకుంటూ హాయిగా తినేవాడు. నేను తిన్నది తిన్నట్టే సముద్రానికి ఇచ్చేవాణ్ణి.

దిగే ముందు మూడు రోజులు అంటురోగాల పరీక్షకు ఆపారు. నాలుక చాపమన్నారు, కళ్ళు లాగి చూశారు, బట్టలన్నీ గంధకం పొగలో పెట్టారు. నా మంచి పంచె పసుపురంగుకు తిరిగి, కుళ్ళిన గుడ్డు వాసనతో నా చేతికి వచ్చింది. ఆ పంచెతోనే మా నాన్న దిగిన రేవులో దిగాను.

పోర్ట్ లూయీ

రేవు వెనకాలే కొండలు. ఒకటి పిడికిలి బిగించి బొటనవేలు పైకెత్తినట్టుంటుంది. ఊరి నిండా మన మొహాలే, మాట మాత్రం మనది కాదు. కూరల బుట్ట పెట్టుకుని కూర్చున్న ముత్తయిదువ చేతి పచ్చబొట్టు చూసి మనమనిషే అని తెలుగులో పలకరిస్తే, "బొంజూర్" అని నవ్వి ఆ దీవి భాష క్రియోల్‌లో ఏదో అంది. దాని తర్వాత "కూకో బాబూ" అంది. ఆమెకు మిగిలిన తెలుగు అలాంటి మాటలే.

ఒక అరవాయన పూటకూళ్ళ ఇంట్లో దిగాను. అన్నం, పప్పు, పక్కన 'బ్రేద్' అని ఏదో ఆకుకూర. ఏ ఆకో ఏమో అని మొదటిరోజు ముట్టలేదు. రెండోరోజు ఆకలికి తాళలేక తింటే, మన మునగాకే. కొబ్బరికాయ ఒకటి కొనే డబ్బుకు మా ఊళ్ళో నాలుగు వస్తాయి. బియ్యం కలకత్తా నుంచి రావాలి, మిగతా నేలంతా చెరుకే.

వలస వచ్చినవాళ్ళ దస్తావేజులుండే కచేరీలో నా పరువు పోయింది. ముసలి గుమాస్తా ఒకాయన, ఇంగ్లీషు తెలిసినవాడు, ఎవరి కోసం అని అడిగాడు. మా ఇంటిపేరు కోరాడ, కోరాడవారి కోసం అన్నాను. మనిషిని ఇంటిపేరుతో కాక ఇంకెలా వెతుకుతారు? ఆయన రెండు రోజులు అట్టలు తిరగేశాడు, నేను చెమటలు కక్కాను. కోరాడ లేదు. ఒక్క ఇంటిపేరూ లేదు. మూడోరోజున అడిగాడు. అయ్యా అనడానికి వాళ్ళు మిస్యే అంటారు.

"మిస్యే, ఆ మనిషిని తల్లి ఏమని పిలిచేది?"

"జగ్గయ్య అని."

"ఆ మాట మొదటిరోజే చెప్పాలి. ఇక్కడ మనిషికి ఒక పేరు, ఒక నంబరు. అంతే."

గంటలో దొరికింది. జగ్గయ్య, తండ్రి సూరన్న. దాని కిందే పోలమ్మ, తండ్రి సూరన్న, భార్య. ఇద్దరికీ తండ్రి ఒకడే అయితే వాళ్ళు అన్నాచెల్లెళ్ళు కావాలి! మా నాన్నకు చెల్లెలుందని ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు, అయినా ఆ గడి మీద వేలు పెట్టి చూపించాను.

గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. "ఆడవాళ్ళ గడిలో తండ్రి పేరు నమ్మకండి. మొగుణ్ణి అడిగి రాస్తారు, అతను తన తండ్రి పేరే చెబుతాడు. భార్య అని రాసి ఉంది కదా, మీకు ఇంకా ఏం కావాలి?"

నాకేం కావాలో ఆయనకెలా చెప్పను? నకలు రాయించుకుని మడిచి రొంటిన దోపుకున్నాను.

సాంత్ర్ ద ఫ్లాక్

ఆ నకలు ప్రకారం వాళ్ళను పంపిన తోట ఫ్లాక్ వైపు. రైలుకు రెండు పక్కలా చెరుకు. మనిషి కంటే ఎత్తు, ఆ వెనక ఊరుందో లేదో తెలియదు, గాలి వేస్తే జనం గుసగుసలాడినట్టుంటుంది. స్టేషన్లో దిగగానే కానిస్టేబు చేయి చాపి "పాప్యే" అన్నాడు. పాప్యే అంటే కాగితం. నేను కంగారులో నా కాగితానికి బదులు మా నాన్న నకలు ఇచ్చాను. తోట విడిచి పారిపోయిన కూలీననుకుని బల్ల మీద కూర్చోబెట్టాడు. జగ్గయ్య అయితే ఇప్పటికి ఎనభై ఏళ్ళుండాలని లెక్క తేల్చుకునేసరికి అతనికి అరపూట పట్టింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకాన్ని, ఆ అరపూటలో చేయని నేరాలన్నీ ఒప్పుకునేవాణ్ణే.

ఫ్లాక్ పెద్ద ఊరు. సంత ఉంది, ఆసుపత్రి ఉంది, కచేరీలున్నాయి. పాత జనాభా లెక్కల్లో తోట గుడిసెలు వరసగా రాసి ఉన్నాయి. కుర్ర గుమాస్తా, మనవాళ్ళబ్బాయే, వేలితో చూపించాడు. ఒకే గుడిసెలో ముగ్గురు. జగ్గయ్య. పోలమ్మ, భార్య. సూరన్న, కొడుకు, ఏడాది.

"వీళ్ళ పెళ్ళి ఎక్కడైనా రాసి ఉందా?" అన్నాను.

వెతికాడు. లేదు. "మన భజన కొట్టంలో కట్టిన తాళి సర్కారుకి పెళ్ళి కాదు, మామా," అన్నాడు. "వాళ్ళ లెక్కలో మనవాళ్ళు సగం మంది పెళ్ళి లేకుండానే పోయినారు."

ఆ సాయంత్రం ఒళ్ళంతా వణుకు పట్టుకుంది. దోమజ్వరమే అనుకుని సంతలో కొయినా మాత్రలు కొని, చెప్పినదానికి రెట్టింపు మింగాను. చెవులు రెండు రోజులు గుయ్యిమన్నాయి. జ్వరం లేదు, ఏమీ లేదు. అది వట్టి భయం.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. వెనక్కి తిరిగిపోదామనుకున్నాను. అనుమానంతో బతకొచ్చు, నిజం తెలిశాక ఎలా బతకాలి? ఓడ ఎప్పుడుందో కనుక్కున్నాను కూడా. కానీ అమ్మాయికి ఏడో నెల వచ్చి ఉంటుంది. ఆ బిడ్డ పుట్టాక నేను వేలితో తాకాలన్నా నాకు తెలియాలి. ఆ తోట దగ్గర్లోనే మనవాళ్ళ ఊరు ఒకటుందని కుర్ర గుమాస్తా చెబితే, మర్నాడు ఎద్దుబండి మాట్లాడుకుని బాన్ అక్యూయ్ వెళ్ళాను.

బాన్ అక్యూయ్

ఆ ఊళ్ళో మన తెలుగువాళ్ళ భజన కొట్టం ఉంది. రేకుల కప్పు, మట్టి గోడలు, లోపల రాములవారి పటం. దాన్ని చూసే దాసుగారు అరవై దాటిన మనిషి. వారం ఆరు రోజులూ చెరుకు కోత, ఆదివారం భజన, పిల్లలకు అక్షరాలు. నేను తెలుగు దేశం నుంచి వచ్చానని తెలిసి ఊరంతా వచ్చారు. నా చేత ఒక పేజీ రామాయణం చదివించుకుని, అర్థం కాకపోయినా కళ్ళు తుడుచుకున్నారు. ఉప్పుచేప, తమాటాల పచ్చడి, అన్నం పెట్టారు. ఆడవాళ్ళు మగవాళ్ళతోపాటే కూర్చుని తిన్నారు. మా ఊళ్ళో అయితే గోలైపోయేది.

పెళ్ళిళ్ళు ఏ ముహూర్తానికి చేస్తారని అడిగాను.

"ఆదివారమే ముహూర్తం," అన్నారు దాసుగారు. "మిగిలిన దినాలు దొర సెలవివ్వడు. రాములోరికి కూడా అదే అలవాటయిపోనాది."

నవ్వుదామనుకున్నాను, రాలేదు. నేనెవరి కొడుకునో చెప్పలేదు. ఇక్కడి తెలుగువాళ్ళ ఆచారాల గురించి రాస్తున్నానని అబద్ధమాడాను. తిన్నగా అడిగితే ఆ ప్రశ్నే ఓడెక్కి నాకంటే ముందు మా ఊరు చేరుతుంది. పాత పెళ్ళిళ్ళ సంగతులేమైనా రాసి పెట్టుకున్నారా అని మాత్రం అడిగాను.

రాసి పెట్టుకున్నారు. దాసుగారి తండ్రి చదువొచ్చినవాడట. సర్కారు రాయకపోతే మనం రాసుకుందామని, కొట్టంలో జరిగిన ప్రతి పెళ్ళినీ పొడుగాటి పుస్తకంలో ఎక్కించాడు. ఎర్రగుడ్డ విప్పితే వేపాకు పొడి రాలింది. పిల్ల పేరు, పిల్లవాడి పేరు, కన్యాదానం చేసిందెవరు, సాక్షులెవరు. దాసుగారు వరసగా చదువుతున్నారు.

"పోలమ్మ. పిల్లడు నారాయుడు."

నారాయుడు! అయితే పోలమ్మకు వేరే మొగుడున్నాడు. అంతలోనే ఇంకో భయం పుట్టింది. మా నాన్న విడిచిపెడితే ఈమె మారుమనువు చేసుకుందేమో. అలా అయితే కొడుకు ఎవరి కొడుకు?

"కన్యాదానం ఎవరు చేశారు?" అన్నాను.

దాసుగారు పుస్తకం వెలుతురుకు ఎత్తారు. ఎప్పటిదో తుఫానులో తడిసి ఆ వరస మీద సిరా పారిపోయింది. "అవుపడటం నేదు. గౌరమ్మని అడుగుదుము. ఆ పోలమ్మా ఈవిడా ఒక్క ఓడలో వచ్చినోళ్ళే."

వద్దనబోయాను. ఆయన అప్పటికే గుమ్మంలోకి వెళ్ళి కేకేశారు.

గౌరమ్మ

గౌరమ్మకు నడుం పూర్తిగా వంగిపోయింది. చూపు మాత్రం బాగుంది. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు తోబుట్టువులతో సమానమని ఆ దీవిలో కట్టుబాటు, అందుకని పోలమ్మను అక్క అనేదట. నన్ను చాలాసేపు చూసింది.

"ఆ ముక్కు నాకు తెలుసు," అంది. "నువ్వు జగ్గన్న కొడుకువి. సెప్పకుండా దాసీసినావు."

గుమ్మం మీదే కూలబడ్డాను. దాసుగారు మంచినీళ్ళు ఇచ్చారు.

"అమ్మా, పోలమ్మ మా నాన్నకు ఏమవుతుంది?" అని అడిగేశాను. అమ్మాయికి ఐదో నెల అప్పటినుంచి మోస్తున్న మాట అది.

"ఏటవుద్ది, సెల్లెలు."

ఆమె చెప్పిందంతా నాకు మాటకు మాట గుర్తుంది. "అమ్మా బాబూ కరువులో పోనారు. సెల్లెల్ని ఎవుల కాడ వొదుల్తాడు, కూడా తెచ్చినాడు. ఓడ కాడ కూలోల్ని ఎక్కించే మేస్త్రీ ఏటన్నాడూ, వొంటరి ఆడదాన్ని ఎక్కించరు, పెళ్ళామని సెప్పు, నేకపోతే ఇద్దరూ ఎనక్కి పోండి అన్నాడు. దొర అడిగినాడు. జగ్గన్న పెళ్ళామే అన్నాడు. యేలు ముద్దర యేసినాడు. మరి మూడు దినాలు కూడు ముట్టనేదు. పోలక్క మొగం సూడనేదు."

"మరి నారాయుడు?"

"ఈ కొట్టంలోనే మనువు. జగ్గన్నే కూకోని నారాయుడి కాళ్ళు కడిగి సెల్లెల్ని ఇచ్చినాడు, నేను పసుపు దంచినాను. పిల్లడు కడుపులో ఉండగా నారాయుడు జొరంతో పోనాడు. అన్న తన గదికి తెచ్చుకున్నాడు. పిల్లడు పుట్టినాక కచేరీకెల్తే, పోలమ్మ మొగుడు జగ్గయ్యని పుస్తకంలో ఉంది, అదే రాస్తాం అన్నారు. ఆ పాప్యే ఎవులు మారుస్తారు?"

దాసుగారు పుస్తకం తిరగేసి, ఆ కాగితానికి వెనకవైపు ఎండ పడేలా పట్టుకున్నారు. ఆయన తండ్రి ఉక్కుకలం నొక్కి రాసేవాడు. సిరా పోయినా గీతలు ఉబ్బి ఉన్నాయి. వేలితో తడుముతూ చదివారు: తోడబుట్టిన జగ్గయ్య. నా వేలు పట్టుకుని నన్నూ తడమమన్నారు. నాకు తగిలింది.

నాన్న చెల్లెలి కొడుకంటే నాకు బావ. బావ కొడుకంటే మేనల్లుడు. నా కూతుర్ని ఇవ్వవలసినవాడికే ఇచ్చాను. గుమ్మం మీద కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాను.

నాన్న ఆ పదేళ్ళ గురించి ఎందుకు నోరు విప్పలేదో కూడా తెలిసింది. పదేళ్ళయ్యాక అన్నాచెల్లెళ్ళిద్దరూ రేవుకు వెళ్ళారట. తిరుగు ఓడకు కూడా భార్యాభర్తలనే రాస్తామన్నారట. ఆ కాగితంతో ఊళ్ళో ఎలా దిగను అంది పోలమ్మ. బిడ్డను ఎత్తుకుని రేవు నుంచి నడిచి తోటకు వచ్చేసింది. నాన్న ఒక్కడే ఓడెక్కాడు.

మా ఊరు

నేను వచ్చేసరికి రమణమ్మకు ఆడపిల్ల పుట్టి పదకొండు రోజులు. నేరుగా ఎత్తుకున్నాను. స్నానమైనా చేయకుండా ఏమిటని మా ఆవిడ కేకలు వేసింది.

ఆ మధ్యాహ్నం అల్లుణ్ణి పెరట్లోకి పిలిచి, పెట్టెలో కాగితం చూశానని చెప్పాను. అతను మొహం దించుకున్నాడు.

"నాకు తెలుసు మామా. నాయనమ్మ చెప్పింది, మా అన్న ఇంటి పిల్లని చేసుకోమని. అందుకే మీ ఊరు వెతుక్కొని వచ్చినాను. పాప్యేలో అలగ ఉంది, చెప్తే మీరు ఏం అనుకుంటారో అని భయం. పారేద్దుమంటే ఆమె బొమ్మ దాని మీదే ఉంది."

నాకు కోపం రావాలి. రాలేదు. ఏడాదిపాటు అతను, బయలుదేరేదాకా నేను, ఒకే కాగితానికి భయపడుతూ ఒకే ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని భోజనం చేశాం. ఒక్క మాట అడిగి ఉంటే ఓడా లేదు, గంధకం పొగా లేదు. మా నాన్న యాభై ఏళ్ళు ఇలాగే గడిపాడు.

అమ్మాయికి అన్నీ చెప్పాలని ఇద్దరం అనుకున్నాం. బిడ్డకు పాలిస్తూ విన్నది. అంతా అయ్యాక నా వైపు చూసింది.

"నాన్నా, అక్కడ అది మరోలా తేలి ఉంటే, ఇంటికొచ్చి నాకేం చెప్పేవాడివి?"

నేను బిడ్డ వైపు చూశాను, అల్లుడి వైపు చూశాను. ఇద్దరు మగవాళ్ళం అక్కడ నిలబడి ఉన్నాం. ఆమె బిడ్డను రెండో పక్కకు మార్చుకుని అటు తిరిగింది.

ఇదంతా రాస్తూ పోతే ఆ జవాబు ఎక్కడో ఒకచోట తగులుతుందనుకున్నాను. తగల్లేదు. అమ్మాయి మళ్ళీ అడగలేదు. అడుగుతుందేమోనని ఇప్పటికీ భయమే.